చర్చ: కాశిమేడు బోటుకి ఏ శాటిలైట్ ఫోన్? ఇరిడియమా, ఇన్‌మార్‌శాటా, షార్జా తురయానా?

షోలింగనల్లూరు బావమరిది:
మా అక్కావాళ్ళ అత్తింటివాళ్ళు నెల్లూరు తీరం నుంచి వచ్చి చెన్నై కాశిమేడులో స్థిరపడ్డారు. బావకి ఒక బోటులో సగం వాటా. వేటకెళ్తే పది పన్నెండు రోజులు. పోయిన ఏడాది నడిసముద్రంలో ఇంజన్ చెడిపోయి రెండు రోజులు కొట్టుకుపోయారు. సెల్ సిగ్నల్ ఎప్పుడో పోయింది. వీహెచ్‌ఎఫ్ రేడియోలో పిలిస్తే పలికేంత దగ్గర్లో ఎవరూ లేరు. చివరికి అటుగా వచ్చిన ఇంకో బోటువాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. అక్క ఆ రెండు రోజులూ హార్బర్‌లోనే కూర్చుంది, అన్నం కూడా ముట్టలేదు.

ఇప్పుడు వేట నిషేధం నడుస్తోంది కదా, జూన్ 14తో అయిపోతుంది. ఈలోగా శాటిలైట్ ఫోన్ కొనాలని బావ పట్టు. షార్జాలో ఉన్న స్నేహితుడు తురయా సెట్టు చవగ్గా పంపిస్తానన్నాడట. నేను చదివినంతలో ఇరిడియం మేలనిపించింది. మన దగ్గర బీఎస్‌ఎన్‌ఎల్ ఇచ్చేదేమో ఇన్‌మార్‌శాట్. మీరైతే ఏది తీసుకుంటారు?

సిగ్నల్ సింగినాదం:
ఇందులో అడగడానికేముంది, ఇరిడియమే. 780 కిలోమీటర్ల ఎత్తులో 66 ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. ఒకటి దిగిపోయేలోగా ఇంకొకటి పైకొస్తుంది. వాటిలో అవే మాట్లాడుకుంటాయి కాబట్టి దగ్గర్లో గ్రౌండ్ స్టేషన్ లేకపోయినా కాల్ వెళ్తుంది. గ్లోబల్‌స్టార్ అని ఇంకో కంపెనీ ఉంది, దానికి ఆ సౌకర్యం లేదు, కింద స్టేషన్ కనిపిస్తేనే పని చేస్తుంది.

ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నీ మాట అవతలివాడికి చేరడానికే పావు సెకను, వాడి జవాబు నీకు వినపడేసరికి అర సెకను దాటుతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోయి, మళ్ళీ ఇద్దరూ ఒకేసారి 'చెప్పు చెప్పు' అంటుంటారు. పైగా యాంటెన్నాని ఉపగ్రహం వైపు గురిపెట్టి పట్టుకోవాలి. ఊగే బోటు మీద అది అయ్యే పనేనా?

రేడియో తాత:
తమ్ముడూ, సింగినాదం, నువ్వు చెప్పిన లెక్కలు తప్పు కాదు. నార్వేకి ఉత్తరాన సముద్రంలో చేపలు పట్టేవాడికైతే నేనూ అదే చెబుతాను. కాశిమేడుకి మాత్రం ఒప్పుకోను. ఇరవై ఏళ్ళకు పైగా ఓడల్లో రేడియో గదిలో కూర్చున్నవాణ్ణి, కాస్త ఓపిగ్గా విను.

ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఉంటాయి. చెన్నై ఉన్నది 13 డిగ్రీల అక్షాంశం మీద. అంటే ఇక్కడినుంచి చూస్తే ఉపగ్రహం దాదాపు నడినెత్తి వైపే ఉంటుంది. నార్వేవాడికైతే అదే దిగంతం మీదికి జారిపోతుంది, కొండ అడ్డొస్తే అంతే సంగతులు. మన సముద్రం మీద కొండలేవీ లేవు. యాంటెన్నా విప్పి ఆకాశం వైపు పెడితే చాలు. మొదటిసారి సిగ్నల్ పట్టేదాకా కాస్త నిలబడాలి, కాదనను. కానీ అది ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది. ఇరిడియం ఉపగ్రహం పది నిమిషాల్లోపే నెత్తి మీదినుంచి వెళ్ళిపోతుంది, కాల్ ఇంకొకదానికి మారాలి. ఇంకో విషయం. ఇరిడియం కక్ష్యలన్నీ ధ్రువాల దగ్గర కలుస్తాయి కాబట్టి ఉపగ్రహాల రద్దీ అంతా అక్కడే. భూమధ్యరేఖ దగ్గరికొచ్చేసరికి పలచబడతాయి. పని చేయదని కాదు, చేస్తుంది. కానీ దాని గొప్పంతా మనకు దక్కదు.

ఇక బ్యాటరీ. ఇదే అసలు సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇన్‌మార్‌శాట్ వాళ్ళ ఐశాట్‌ఫోన్ 2ని ఒకసారి చార్జ్ చేస్తే కంపెనీ లెక్క ప్రకారం 160 గంటలు స్టాండ్‌బైలో ఉంటుంది, మాట్లాడితే 8 గంటలు. ఇరిడియం 9555కి 30 గంటలు, మాట్లాడితే 4. ఇంజన్ చచ్చి బోటులో కరెంటు లేని రెండో రోజు రాత్రి ఏది బతికుంటుందో నువ్వే చెప్పు.

ఆలస్యం సంగతికొస్తే, మేము వీహెచ్‌ఎఫ్‌లో 'ఓవర్' అని చెప్పి ఆగేవాళ్ళం. బోటులో పనిచేసే కలాసీలకి అది అలవాటే. ఇబ్బందల్లా ఐటీ కుర్రాళ్ళకే.

ట్రెక్కింగ్ పిచ్చోడు:
తాతగారూ, పక్కనే గోడలా ఎత్తైన కొండ ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది. లోయలో ఆ ఒక్క ఉపగ్రహానికి కొండ అడ్డొస్తే రోజంతా కూర్చున్నా రాదు. కదిలే ఉపగ్రహమైతే ఎప్పుడో ఒకప్పుడు నెత్తి మీదికొస్తుంది. సముద్రం మీదైతే మీ మాటే నాదీ.

వేళచ్చేరి వాసి:
2015 డిసెంబరు వరదల్లో మా ఇంట్లో రెండు రోజులు ఏ ఫోనూ పని చేయలేదు. ఇంటికొకటి కొనుక్కోవచ్చా?

రేడియో తాత:
కొనుక్కుని ఎవరికి చేస్తారమ్మా? పక్క వీధిలో ఉన్న మీ అన్నయ్య ఫోనూ చచ్చిపోయే ఉంటుంది కదా.

చట్టం చుట్టం:
మీరంతా బ్యాటరీల గురించి కొట్టుకుంటున్నారు, అసలు ముప్పు ఎవరికీ పట్టలేదు. మన దేశంలో తురయా, ఇరిడియం హ్యాండ్‌సెట్లు అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. వాడక్కర్లేదు, సంచీలో దొరికితే చాలు. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక విదేశీ రన్నర్‌ని పట్టుకున్నారు. ఆమె దగ్గరున్నది ఫోన్ కూడా కాదు, గార్మిన్ ఇన్‌రీచ్, మెసేజ్‌లు పంపే చిన్న పరికరం. అది ఇరిడియం మీద నడుస్తుంది.

తురయా అయితే మరీ ఘోరం. 2008 నవంబరులో ముంబై మీద దాడికొచ్చినవాళ్ళు మధ్యదారిలో ఎక్కింది ఒక చేపల బోటు, కుబేర్. అందులో దొరికిన ఫోన్ తురయా. అదే రకం ఫోన్ పెట్టుకున్న చేపల బోటుని కోస్ట్‌గార్డ్ ఆపితే మీ బావ ఏం చెప్పినా వింటారా?

సిగ్నల్ సింగినాదం:
చట్టం ఉందని ఉపగ్రహం మంచిది కాకుండా పోతుందా అన్నా? దొంగలు అనుమతి అడగరు. ఇబ్బంది పడేది బావలాంటి వాళ్ళే.

చట్టం చుట్టం:
కాకుండా పోదు. కానీ నువ్వు మెచ్చుకున్న గుణమే దానికి అడ్డు. ఉపగ్రహాల్లో అవే మాట్లాడుకుని, కాల్‌ని మన నేల తాకకుండా ఎక్కడో అమెరికాలో దింపేస్తే మనవాళ్ళ చేతికి ఏం దొరుకుతుంది? ఇన్‌మార్‌శాట్‌కి బీఎస్‌ఎన్‌ఎల్ గేట్‌వే ఘాజియాబాద్‌లో ఉంది, 2017లో మొదలైంది. కాల్ అక్కడ దిగుతుంది, వినాలనుకుంటే వింటారు. అది తప్పో ఒప్పో వేరే చర్చ పెట్టుకుందాం, నాకూ అభ్యంతరాలున్నాయి. ఈ బోటుకి మాత్రం దారి అదొక్కటే, దానికీ టెలికాం శాఖ అనుమతి కావాలి.

ఐసుగడ్డ:
నేను హార్బర్‌లోనే ఉంటాను. ఒఖి తుపానులో అంతమంది పోయాక తమిళనాడు ప్రభుత్వం లోపలికెళ్ళే బోట్లకి రాయితీ మీద శాటిలైట్ ఫోన్లు ఇచ్చింది. ముందు మత్స్యశాఖ ఆఫీసులో అడగండి, డబ్బు పెట్టేది తర్వాత.

ఫోన్ కన్నా ముందు ఇస్రో చేసిన ఆపద పరికరం, డీఏటీ, బోటులో ఉందా? బటన్ నొక్కితే బోటు ఎక్కడుందో కోస్ట్‌గార్డ్‌కి తెలుస్తుంది. పాతదైతే మనం పంపడమే, అందిందో లేదో తెలియదు, ఆ టెన్షన్ వేరే. 2024లో వచ్చిన కొత్తదాంట్లో జవాబు కూడా వస్తుంది, సెల్‌కి బ్లూటూత్‌తో కలుపుకుని చదువుకోవచ్చు. మునిగిపోతున్నప్పుడు నంబరు వెతుక్కుని డయల్ చేసే తీరిక ఎవరికుంటుంది?

రేడియో తాత:
ఐసుగడ్డ మాట నూటికి నూరుపాళ్ళు. కాకపోతే ఇంజన్ చెడితే బోటు మునగదు. మెకానిక్‌తో మాట్లాడాలి, తుపాను ఎటు తిరిగిందో కనుక్కోవాలి. దానికి బటన్ చాలదు. రెండూ పెట్టుకోండి.

మరొకటి. ఏ కంపెనీదైనా డ్రైవర్ క్యాబిన్ కప్పు కింద నిలబడి మాట్లాడితే సిగ్నల్ రాదు. బయటికొచ్చి మాట్లాడాలి, లేదా కప్పు మీద యాంటెన్నా బిగించుకోవాలి. వానకి భయం లేదు, ఈ ఫోన్లు వాడే ఎల్ బ్యాండ్ తరంగాలని వాన పెద్దగా ఆపదు. రేకే ఆపుతుంది.

షోలింగనల్లూరు బావమరిది:
అందరికీ థ్యాంక్స్. కుబేర్ సంగతి చదివి వినిపిస్తే బావ అక్కడికక్కడే షార్జాకి ఫోన్ చేసి వద్దనేశాడు. డీఏటీ ఉంది కానీ పాతది, వలల కింద పడేశారట. సోమవారం ఇద్దరం మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్తున్నాం.

ఇప్పుడు కొత్త తగువు మొదలైంది. ఫోన్ వస్తే తన సూట్‌కేసులో తాళం వేసి పెడతానంటున్నాడు రెండో వాటాదారు, కలాసీలు ఇళ్ళకి మాట్లాడి బిల్లు పెంచేస్తారని.

రేడియో తాత:
బోటు నడిపే సరంగు మెడలో వెయ్యమను. తాళంచెవి వెతుక్కునేలోగా బోటు ఎటు పోతుందో ఆ రెండో వాటాదారుని ఒక్కసారి వేటకి తీసుకెళ్ళి చూపించండి.