చర్చ: ముప్పై దాటాక మొదటి ఉద్యోగం. రెజ్యూమేలో ఖాళీ ఏళ్లు చూపాలా, కప్పాలా?

నిర్వాహకులు:
ఈ వారం అంశం ఇది. వయసు ముప్పయ్యో నలభయ్యో. జీతం తీసుకుని చేసిన పని నాలుగైదు నెలలు, లేదంటే అసలు లేదు. మధ్యలో పదేళ్లు పిల్లల పెంపకమో, ఇంట్లో మంచాన పడ్డవాళ్లను చూసుకోవడమో, సొంత అనారోగ్యమో, ఆగిపోయిన చదువో. సలహా చెప్పేవాళ్లు రెండు జట్లుగా ఉన్నారు. "తేదీలు తీసేసి నైపుణ్యాలు మాత్రమే రాయి" అని ఒక జట్టు, "ఉన్నది ఉన్నట్టు పెట్టు, దాస్తే అనుమానం" అని రెండోది. సొంత కథలు వద్దు. రేపు దరఖాస్తు పెట్టబోయేవాళ్లకు అక్కరకొచ్చే వివరం చెప్పండి.

వడపోత:
తేదీలు ఉండాల్సిందే. రెజ్యూమే తెరవగానే కన్ను వెతికేవి మూడు: చివరగా ఏం చేశారు, ఎక్కడ, ఎప్పటిదాకా. ఆ మూడూ దొరక్కపోతే చదివే మనిషి కూర్చుని కూపీ లాగడు, పక్కన పెట్టి తర్వాతది తీస్తాడు. "సమయపాలన, బృందంతో కలిసిపోవడం, కష్టపడే తత్వం" అని పైనుంచి కిందిదాకా నింపిన కాగితం ఎవరిదైనా కావచ్చు. ఎవరైనా రాసుకోగలిగిన మాటకు విలువ ఉండదు. పైగా తేదీలు లేవంటేనే ఖాళీ ఉందని తెలిసిపోతుంది. ఎంతో తెలియదు కాబట్టి ఆరేళ్లుంటే పన్నెండేళ్లు ఊహించుకుంటారు.

ఒక్క లైను చాలు. "2015–2024: కుటుంబ సంరక్షణ బాధ్యతలు. ప్రస్తుతం పూర్తికాలం పనికి సిద్ధం." జబ్బు పేరు, ఎవరికి వచ్చింది, ఎలా తగ్గింది, ఇవేవీ వద్దు. "గృహ ఆర్థిక నిర్వాహకురాలు" లాంటి హోదాలు అసలే వద్దు. రాసినవాళ్లకు గౌరవంగా అనిపిస్తుందేమో గానీ బల్లకు అవతల నవ్వు పుట్టిస్తాయి.

మెట్లదారి:
వడపోత గారూ, మీరు చెప్పింది బల్లకు ఒక వైపు అలవాటు. కొలిచి చూసిన లెక్క ఇంకోలా ఉంది. బ్రిటన్‌లో 9,000 పైచిలుకు దరఖాస్తులు నిజమైన యజమానులకు పంపి చేసిన ప్రయోగం 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చింది. పాత ఉద్యోగాల పక్కన "ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది వరకు" అని కాకుండా "4 ఏళ్లు", "2 ఏళ్లు" అని రాస్తే, ఖాళీ బయటపడే రెజ్యూమేలకంటే దాదాపు 15 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. ఖాళీ లేని మామూలు రెజ్యూమేలతో పోల్చినా 8 శాతం ఎక్కువే. ఇందులో అబద్ధమేమీ లేదు. అడిగితే తేదీలు చెప్తారు, అడగకముందే మెడలో వేసుకు తిరగరు. అంతే తేడా.

పెట్టెలు నింపేవాడు:
ఇద్దరూ కాగితం గురించే మాట్లాడుతున్నారు. ఆన్‌లైన్ ఫారంలో నెల, ఏడాది పెట్టెలు చాలాచోట్ల తప్పనిసరి. వదిలేస్తే ముందుకు పోనివ్వదు. రెజ్యూమేలో తేదీలు తీసేసి, ఫారంలో ఏదో ఒకటి నింపి, రెండూ కలవకపోతే ఆ తేడానే ప్రశ్న అవుతుంది. ఫారంలో ఏం రాశారో స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, ఇంటర్వ్యూ ముందు చూసుకోవడానికి.

"సాఫ్ట్‌వేరే తిప్పి కొడుతోంది" అన్న భయం చాలామందిలో చూస్తున్నాను. దరఖాస్తులు తీసుకునే ఆ సాఫ్ట్‌వేర్ చేసే పని ఎక్కువగా రెజ్యూమేలోంచి పేరు, ఫోను, హోదా, తేదీలు ఏరి గళ్లలో నింపడం. దానంతటదే తిరస్కరించేది అవునా కాదా ప్రశ్నల దగ్గర: షిఫ్టుల్లో పని చేయగలరా, ఫలానా లైసెన్సు ఉందా, వెంటనే చేరగలరా. వీటిని పరధ్యానంగా నొక్కేసి, తర్వాత రెజ్యూమే ఫాంటును తిడుతూ కూర్చుంటారు.

ఏరడంలో తప్పు జరిగే చోట్లు మాత్రం ఉన్నాయి. రెండు నిలువు వరసల డిజైనులో ఎడమ వరస మాటలు కుడి వరసలో కలిసిపోతాయి. పేజీ హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరు కొన్నిటికి కనబడదు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అంటే బొమ్మే, అక్షరం కాదు. పరీక్ష సులువు: పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. వరస చెడకుండా చదవగలిగితే సరే, గందరగోళంగా వస్తే ఆ డిజైను వదిలేయండి.

వడపోత:
మెట్లదారి గారి ప్రయోగం కాదనను. కానీ ఆ రెజ్యూమేల్లో ఏళ్లతో రాయడానికి పాత ఉద్యోగాలున్నాయి. మనం మాట్లాడుతున్న మనిషికి ఏమున్నాయి? "డేటా ఎంట్రీ – 3 నెలలు". తేదీ తీసేసి నిడివి పెడితే కనబడేది ఆ మూడే. దాచాలనుకున్న చోటే దీపం పెట్టినట్టు.

మెట్లదారి:
ఆ మాట ఒప్పుకుంటాను. ఏళ్లు ఉన్నవాళ్లకు ఏళ్లు, నెలలే ఉన్నవాళ్లకు పని. అంటే నిడివిని కాకుండా చేసిన పరిమాణాన్ని ముందు పెట్టాలి. "డేటా ఎంట్రీ" అని ఊరుకోకుండా, రోజుకు ఎన్ని ఫారాలు, ఏ సాఫ్ట్‌వేర్, తప్పులు ఎవరు ఎలా సరిచూసేవారు అని రెండు లైన్లు. జీతం లేని పనికీ ఇదే కొలత. సంఘం లెక్కలు రాసి ఉంటే ఎన్ని కుటుంబాలవి, నెలకు ఎన్ని రసీదులు, ఏడాది చివర లెక్క ఎవరికి అప్పగించారు. అంకె రాయలేని పనిని ఆ పేజీలోకి రానివ్వకండి. జీతం లేదన్న సంగతి కూడా "స్వచ్ఛందంగా" అన్న ఒక్క మాటతో అక్కడే చెప్పేయాలి. తర్వాత తెలిస్తే మిగతావన్నీ అనుమానంలో పడతాయి.

పేజీ ఒక్కటే. పైన మూడు లైన్లు: ఏ ఉద్యోగానికి, దానికి సంబంధించి చూపగలిగింది ఏమిటి, ఎప్పటినుంచి చేరగలరు. "సవాళ్లతో కూడిన అవకాశం కోసం ఎదురుచూస్తున్నాను" రకం వాక్యం ఉంటే కొట్టేయండి.

పిల్లకాలువ:
రెండు పక్షాలూ ఖాళీ ఎంత పొడుగుందని కొట్టుకుంటున్నాయి. అసలు సంగతి ఖాళీ ఎక్కడుందన్నది. స్వీడన్‌లో ఎరిక్సన్, రూత్ అనే ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం 2014లో వచ్చింది. వెనకెప్పుడో ఖాళీగా ఉండి, ఆ తర్వాత పనిలో చేరినవాళ్లను యజమానులు పట్టించుకోలేదు. ఇప్పటికీ ఖాళీగా ఉండి తొమ్మిది నెలలు దాటినవాళ్లకే, అదీ తక్కువ, మధ్యస్థ నైపుణ్యాల ఉద్యోగాల్లో, పిలుపులు తగ్గాయి. అమెరికాలో దాదాపు 12,000 రెజ్యూమేలతో చేసి 2013లో ప్రచురించిన మరో ప్రయోగంలోనూ పిలుపులు జారిపోయింది నిరుద్యోగపు మొదటి ఎనిమిది నెలల్లోనే.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఒకటే. పదేళ్ల ఖాళీని పాలిష్ చేయడంకంటే దాని మీద ఒక లైను పేర్చడం ముఖ్యం. "జూన్ 2025 – ఇప్పటివరకు". ఆ "ఇప్పటివరకు" ఉంటే కింది పదేళ్లు పాత సంగతి, లేకపోతే అవే ఇవాళ్టి సంగతి. కాబట్టి తాత్కాలికమో, పార్ట్‌టైమో, ఒకరి సెలవులో బదులు పనో, ముందు ఏదో ఒకదాంట్లో చేరాలి.

వడపోత:
"ఏదో ఒకటి" దగ్గరే జనం బోల్తా పడతారు. మూడు వారాల్లో మానేసిన ఉద్యోగం ఖాళీకంటే అధ్వానం, ఎందుకంటే ఖాళీకి కారణం ఒక్క మాటలో చెప్పొచ్చు, మానేసినదానికి రెండోవాళ్ల వైపు కథ కూడా ఉంటుంది. ఒప్పుకునే ముందు నాలుగు అడగండి. షిఫ్టు వేళలు వారంవారం మారతాయా? చివరి షిఫ్టు తర్వాత ఇంటికి బండి దొరుకుతుందా? ఇంట్లో మీ బాధ్యత ఆ వేళల్లో ఎవరు చూస్తారు, వాళ్లు రాని రోజు ఎవరు? రానుపోను ఖర్చు పోగా చేతికెంత? మొదటి ఉద్యోగాలు పని చేతకాక కాదు, ఈ నాలుగింటి దగ్గర పోతాయి.

ఇంకోటి. పనిలో పెట్టుకున్నాక నేర్పించే చోట్లు చూడండి: గిడ్డంగి, రిసెప్షన్, కాల్ సెంటర్, వృద్ధుల సంరక్షణ, సిబ్బందిని సరఫరా చేసే ఏజెన్సీలు. ఏజెన్సీకి తన కమీషన్ యజమాని దగ్గర వస్తుంది. రిజిస్ట్రేషన్, శిక్షణ, యూనిఫాం పేరుతో మీ దగ్గర డబ్బు అడిగారా, అసలు సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంచమన్నారా, మీ బ్యాంకు ఖాతాలోంచి వేరేవాళ్ల డబ్బు పంపమన్నారా, లేచి రండి.

మెట్లదారి:
కోర్సు సంగతి కూడా తేల్చుకోవాలి, డబ్బు ఎక్కువ పోయేది అక్కడే. చేరే ముందు మీకు కావలసిన ఉద్యోగానికి ఇరవై ప్రకటనలు తీసి, ఎన్నిట్లో ఆ సర్టిఫికెట్ పేరు పెట్టి అడిగారో గీతలు గీసుకోండి. రెండుమూడుకు మించకపోతే ఆ ఫీజు కట్టకండి. లైసెన్సు లేనిదే పని చేయనివ్వని వృత్తులు వేరే, అక్కడ గీతలతో పని లేదు.

మిగతావాటికి సర్టిఫికెట్‌కంటే నమూనా పని మేలు. అకౌంట్స్ సహాయకుల పనికైతే యాభై కల్పిత బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసిన షీటు, తేలని మూడు ఎంట్రీల మీద చిన్న నోటు. కస్టమర్ సపోర్టుకైతే మూడు ఫిర్యాదులకు రాసిన జవాబులు. ఎవరి నిజమైన వివరాలూ అందులో ఉండకూడదు. ఇతరుల రహస్యాలు చూపించి ఉద్యోగం అడిగేవాళ్లను ఎవరూ నమ్మరు. అన్నట్టు, 2019లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, చేరకముందున్న అనుభవానికీ చేరాక పనితీరుకూ మధ్య సంబంధం 0.06 మాత్రమే తేలింది (0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తి సంబంధం). "అనుభవం తప్పనిసరి" అని రాసేవాళ్లు ఇది చదివితే బాగుండు.

వడపోత:
చదివినా రాస్తారు. నాలుగొందల దరఖాస్తులను నలభైకి దించడానికి చేతిలో ఉన్న కత్తెర అది. అందుకే ప్రకటనలో "1–2 ఏళ్లు" అని ఉంటే, మిగతా అర్హతల్లో ఎక్కువ భాగం సరిపోయినప్పుడు దరఖాస్తు పెట్టేయండి. "5 ఏళ్లు" ఉంటే ఆ సాయంత్రం నమూనా పని మీద పెట్టడం నయం.

పిల్లకాలువ:
ఆ నాలుగొందల కుప్పలోకి వెళ్లకుండా పక్కదారి ఉందిగా. అమెరికా సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే చెప్పాడు, ఉద్యోగపు కబురు దగ్గరివాళ్లకంటే ముఖపరిచయస్తుల నుంచి ఎక్కువగా వస్తుందని. మన దగ్గరివాళ్లకు తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది కదా. 2022లో లింక్డిన్‌లో 2 కోట్లమంది మీద చేసిన ప్రయోగాల ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాయి. మరీ అపరిచితులూ కాదు, మరీ ఆప్తులూ కాదు, కాస్త దూరపు పరిచయాలే ఎక్కువ పనికొచ్చాయి.

తప్పు జరిగేది అడిగే తీరులో. "ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి" అంటే అవతలివాళ్లు "సరే చూద్దాం" అని మర్చిపోతారు, వాళ్లకు చేయడానికి పనేమీ ఇవ్వలేదు మరి. ఇలా రాయండి: "స్టోర్స్ అసిస్టెంట్ పనికి వెతుకుతున్నాను. మీ దగ్గర ఆ పనిలోకి తీసుకునేటప్పుడు మొదట ఏం చూస్తారో పది నిమిషాలు ఫోన్లో చెప్పగలరా? మంగళవారం, గురువారం సాయంత్రం నాకు వీలే." పని పేరు, చిన్న కోరిక, వేళ. జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, రెండోసారి వద్దు.

వడపోత:
ఇంటర్వ్యూలో ఖాళీ ప్రశ్నకు మూడు వాక్యాలు: ఏం జరిగింది, అది ముగిసిందా లేక ఏర్పాటు అయిందా, ఇప్పుడు ఈ పనికి ఏం చేసి వచ్చారు. అరనిమిషం. చెడేది కారణం వల్ల కాదు, సాగదీయడం వల్ల. రెండు నిమిషాలు దాటి సంజాయిషీలోకి దిగితే ఇంకా ఏదో ఉందనిపిస్తుంది. మూడో వాక్యం అయ్యాక ఆగిపోవాలి. మౌనం వస్తే దాన్ని నింపే బాధ్యత అవతలివాళ్లది.

రెఫరెన్సులు, అంటే మీ గురించి అడిగితే చెప్పగలిగేవాళ్లు, ఇద్దరు, బంధువులు కాకుండా. నంబరు ఇచ్చే ముందే వాళ్లను అడిగి, ప్రకటన పంపి, ఏ రెండు సంగతులు చెప్పాలో గుర్తుచేయండి. చెప్పకుండా ఇస్తే, "ఎవరండీ ఆవిడ?" అన్న జవాబుతో అంతా పోతుంది.

పెట్టెలు నింపేవాడు:
ఒక మెలిక మిగిలింది. డిసెంబర్ 2023లో చేరి జనవరి 2024లో ముగిసిన పనిని "2023–2024" అని రాయమని చాలామంది నేర్పుతున్నారు. అబద్ధం కాదు, చూడటానికి ఏడాది పైనే.

మెట్లదారి:
ఏళ్లు మాత్రమే రాయడం వాడుకలో ఉన్నదే. రెజ్యూమే అంతా అదే పద్ధతిలో ఉంటే నాకు అభ్యంతరం లేదు.

వడపోత:
నాకుంది. రెండు నెలలని అనుభవ పత్రంలో ఉంటుంది, ఫారంలో నెల అడుగుతారు, వెరిఫికేషన్‌కు పాత యజమానికి ఫోన్ చేస్తే వాళ్లూ నెలే చెప్తారు. పత్రాలు సరిచూసేటప్పటికి ఆఫర్ చేతికొచ్చే దశలో ఉంటారు, అక్కడ ఆగిపోవడమంత నష్టం ఇంకోటి లేదు. "డిసెంబర్ 2023 – జనవరి 2024 (తాత్కాలికం, ఒప్పందం పూర్తయింది)" అని రాయండి. బ్రాకెట్లో మాటలు ఉన్నాక రెండు నెలలే ఎందుకని ఎవరూ అడగరు.

మెట్లదారి:
ఆ బ్రాకెట్ బాగుంది. కానీ ఏళ్లు మాత్రమే రాయడం మోసమన్నట్టు మాట్లాడితే మాత్రం ఒప్పుకోను.