పండ్ల మీదే ఉంటే కడుపు ఉబ్బరం, పల్చటి విరేచనాలు: ఎందుకు?

ప్రశ్న: వండిన తిండి ఒక్కసారిగా మానేసి పండ్లకు మారితే ఉబ్బరం, గ్యాస్, పల్చటి విరేచనాలు. పొద్దున యాపిల్, పియర్, మధ్యాహ్నం పుచ్చకాయ, రాత్రి మామిడి. ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయంటున్నారు, నిజమేనా?

జవాబు 1: విషాలేమీ కాదండీ. ఆ నాలుగింటిలోనూ గ్లూకోజ్ కంటే ఫ్రక్టోజ్ ఎక్కువ (రెండూ పండ్లలో ఉండే చక్కెరలే). చిన్నపేగు పీల్చుకోలేకపోయిన ఫ్రక్టోజ్ నీటిని లాగుతుంది, అందుకే విరేచనాలు. పెద్దపేగుకు చేరాక బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది, గ్యాస్ అక్కడిదే. యాపిల్, పియర్‌లలో సార్బిటాల్ అనే తియ్యటి పదార్థం కూడా ఉంటుంది, అదీ ఇదే పని చేస్తుంది.

జవాబు 2: వారం పాటు ఆ నాలుగూ ఆపండి. బాగా మగ్గిపోని అరటి, నారింజ, బొప్పాయిల్లో ఏదో ఒకటి, పూటకు 150 గ్రాములు చాలు. పూటకూ పూటకూ మూడు గంటల ఎడం ఉండాలి. ఒక పూట వండిన తిండి ఉంచుకోండి. పీచు రోజుకు ఎంత తింటున్నారో చూసుకుని, దాన్ని వారానికి 5 గ్రాముల చొప్పునే పెంచండి (తొక్కతో ఒక మోస్తరు యాపిల్‌లో సుమారు 4 గ్రాములు). రసాలు, ఎండు పండ్లు ఇప్పుడు అసలు వద్దు: కొంచెంలోనే బోలెడు చక్కెర. కుదుటపడ్డాక ఆపిన పండ్లను ఒక్కొక్కటిగా, మూడేసి రోజులు చిన్న ముక్కతో పరీక్షించండి. ఏది పడదో తేలిపోతుంది.

జవాబు 3: పూర్తిగా పండ్ల మీదే ఉండటం నాకు నచ్చదు. విటమిన్ బి12 ఉండదు, ప్రొటీన్ చాలదు. మధుమేహం ఉంటే డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. మలంలో రక్తం, జ్వరం, రెండు రోజులు దాటిన విరేచనాలు ఉంటే ఆహార ప్రయోగాలు ఆపి చూపించుకోండి. అనుమానం తీరకపోతే ఫ్రక్టోజ్‌కు హైడ్రోజన్ శ్వాస పరీక్ష ఉంది (ఫ్రక్టోజ్ తాగించి, అది పేగులో పులిసినప్పుడు ఊపిరిలోకి వచ్చే హైడ్రోజన్‌ను కొలుస్తారు).