వేడెక్కాకే వచ్చే ఎన్‌కోడర్ లోపం: విప్పి చూడవచ్చా?

మా పాత సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేత్‌లో ఎక్స్ అక్షం మోటారును నడిపే సర్వో డ్రైవ్, ఎన్‌కోడర్ (షాఫ్టు ఎంత తిరిగిందో పల్సులుగా తెలిపే సెన్సర్) లోపం చూపి ఆగిపోతోంది. ఉదయం బుద్ధిగా నడుస్తుంది, రెండు గంటలకు మోటారు వేడెక్కగానే పేచీ మొదలు. ఎన్‌కోడర్ చుట్టుకు 2500 పల్సుల ఇంక్రిమెంటల్ రకం, అంటే ఎంత కదిలిందో మాత్రమే చెప్పేది. మోటారు చివర 4.9 వోల్టులు అందుతోంది కాబట్టి సరఫరాను అనుమానించడం లేదు. కేబుల్ కూడా మార్చాను, డబ్బు దండగ.

డ్రైవ్‌ను డిసేబుల్ చేసి షాఫ్టును చేత్తో ఒక చుట్టు తిప్పితే లెక్క 10000 పెరగాలి (ఎన్‌కోడర్ ఇచ్చే ఏ, బీ అనే రెండు తరంగాల అంచులన్నీ లెక్కిస్తే పల్సుకు నాలుగు). చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా వస్తోంది, వేడిమీద తగ్గుతోంది. ఆసిల్లోస్కోప్‌లో ‘ఏ’ (A) తరంగం శుభ్రంగా ఉంది, ‘బీ’ (B)లో మాత్రం మధ్యమధ్య పల్సులు మాయమవుతున్నాయి.

ఎన్‌కోడర్ లోపలి డిస్కు మీదికి కూలెంట్ (కోతలో వాడే చల్లబరిచే ద్రవం) చేరిందా, లేక సెన్సర్ బలహీనపడిందా? విప్పితే కమ్యుటేషన్ అమరిక (రోటరు స్థానానికి, ఎన్‌కోడర్‌కు మధ్య పొంతన) తప్పుతుందేమోనని జంకుతున్నాను. ముందుగా రోటరు స్థానాన్ని ఎలా గుర్తించిపెట్టుకోవాలి? ఈ పని స్వయంగా చేసినవారు దయచేసి చెప్పండి.