శీతాకాలంలో బాబ్ గ్రాహం రౌండ్: స్కాఫెల్ దగ్గర ఏ దారి మేలు?

అందరికీ నమస్కారం. ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్‌లో బాబ్ గ్రాహం రౌండ్ అనే కొండల పరుగు సవాలును వచ్చే జనవరి మొదట్లో ప్రయత్నించాలనుకుంటున్నాను. కెజిక్ పట్టణంలోని మూట్ హాల్ దగ్గర బయలుదేరి, 42 శిఖరాలు ఎక్కి దిగి, సుమారు 106 కిలోమీటర్లు తిరిగి 24 గంటల్లోగా అక్కడికే చేరాలి. 1932లో బాబ్ గ్రాహం దీన్ని పూర్తి చేసింది జూన్ నెలలో. నాకు దొరికే పగలు ఎనిమిది గంటలైనా ఉండదు.

గత ఫిబ్రవరిలో సాధన కోసం వెళ్లి, ఆ శిఖరాల్లో ఒకటైన బ్లెన్‌కాత్ర నుంచి హాల్స్ ఫెల్ గట్టు మీదుగా చీకట్లో దిగుతున్నప్పుడు, తడి రాయి అనుకుని కాలు వేసినది పలచటి మంచుపొర కావడంతో జారిపడ్డాను. బూట్లకు తొడిగే ఇనుప ముళ్లు సంచి అడుగున ఉన్నాయి. వేళ్లు కొంకర్లుపోయి జిప్పు తీయడానికే చాలాసేపు పట్టింది. (తప్పు పూర్తిగా నాదే.)

నా ప్రధాన సందేహం స్కాఫెల్ పైక్ శిఖరం నుంచి పక్కనున్న స్కాఫెల్ శిఖరానికి వెళ్లే దారి గురించి. బ్రాడ్ స్టాండ్ అనే నిటారు బండ ఎక్కి వెళ్లడం దగ్గరి దారే అయినా, మంచు పట్టినప్పుడు తాడు లేకుండా ఎక్కే సాహసం చేయను. కిందికి దిగి ఫాక్సెస్ టార్న్ అనే చిన్న కొలను మీదుగా ఎక్కితే శీతాకాలంలో మీకు అదనంగా ఎంత సమయం పట్టింది? ఆ భాగం పగటి వెలుగులో దాటేందుకు రాత్రి 11 గంటలకు బయలుదేరడం సరైనదేనా? నీటి సంచికి ఉండే తాగే గొట్టం గడ్డకట్టి నీళ్లు రాక ఇబ్బందిపడ్డాను కనుక, నీటిని మీరు ఎలా మోసుకెళ్లారో కూడా దయచేసి తెలియజేయగలరు.