లిటరేచర్ రివ్యూ ఎక్కడ మొదలుపెట్టాలి? సాయంత్రం నుంచి ఒక్క వాక్యం కదలలేదు

నిద్రలేని_విద్యార్థి

ప్రాజెక్టు రిపోర్టుకు లిటరేచర్ రివ్యూ, అంటే మన విషయం మీద ఇంతకుముందు వచ్చిన పరిశోధనల సమీక్ష, ఎలా మొదలుపెట్టాలో ఎవరైనా సూటిగా చెప్పగలరా? పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో చూస్తే లక్షల్లో ఫలితాలు వస్తున్నాయి. మొదటి రెండు పేజీల్లో కనిపించినవన్నీ దించుకున్నాను, ఫోల్డర్ నిండిపోయింది. ఒకటి తెరిచి చదవబోతే రెండో పేజీలోనే గణాంకాల పట్టికలు, ఒక్క ముక్క తలకెక్కలేదు. గైడ్‌ను అడిగితే "ముందు చదవండి, తరువాత మాట్లాడదాం" అన్నారు. ఏమి చదవాలన్నదే కదా నా ప్రశ్న! సీనియర్ల రిపోర్టులు చూశాను. "ఫలానా వారు ఇలా అన్నారు, ఫలానా వారు అలా అన్నారు" అంటూ పేరా వెంట పేరా. నేనూ అలాగే రాసేయాలా? అసలు ఎన్ని పేపర్లు చదివితే చాలు? "ఇంటర్నెట్‌లో వెతకండి" అని మాత్రం దయచేసి చెప్పకండి.

మితభాషి

విషయం?

ఉటంకింపుల_పెట్టె

విషయం ఏదైనా కానివ్వండి, ముందు ఆ ఫోల్డర్ పద్ధతి మానేయండి. పీడీఎఫ్‌లు పోగేసుకుంటూ పోతే చివరి రోజు రాత్రి ఏ వాక్యం ఏ పేపర్లోదో వెతుక్కుంటూ కూర్చుంటారు. పేపర్లను భద్రపరిచే జొటేరో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. 2006 నుంచి ఉంది, ఉచితం. బ్రౌజర్‌లో ఒక్క మీట నొక్కితే రచయితలు, సంవత్సరం, పత్రిక పేరు, పీడీఎఫ్‌తో సహా అన్నీ వచ్చి కూర్చుంటాయి. రాసేటప్పుడు ఉటంకింపులు, చివర ఆధారాల పట్టిక అదే తయారు చేస్తుంది. మీరు దాచుకున్న పేపర్‌ను పత్రిక వెనక్కి తీసుకుంటే హెచ్చరిక కూడా చూపిస్తుంది. అలాంటిదే మరొకటి, మెండెలీ, వాడమని ఎవరైనా చెబితే వినకండి. 2013లో దాన్ని ఎల్సెవియర్ కొన్నది. మన పేపర్ల జాబితాను ప్రచురణ సంస్థ చేతిలో పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

పద్ధతి_ముఖ్యం

అందరూ పనిముట్ల గురించే మాట్లాడతారు, పద్ధతి ఎవరికీ పట్టదు. స్కాలర్‌లో మొదటి రెండు పేజీలు దించుకుని దాన్ని రివ్యూ అంటే ఎలా? ఏ డేటాబేస్‌లో, ఏ తేదీన, ఏ కీలక పదాలతో వెతికారో రాసి పెట్టాలి. ఎన్ని వచ్చాయి, ఎన్ని తీసేశారు, ఎందుకు తీసేశారు అన్నది చూపించాలి. క్రమబద్ధ సమీక్షను, అంటే ముందే పెట్టుకున్న నియమాలతో వెతికి, ఎంచి చేసే సమీక్షను, ఎలా నివేదించాలో చెప్పే ప్రిస్మా మార్గదర్శకాలు 2009లో వచ్చాయి, 2020లో సవరించారు. అందులో 27 అంశాల పట్టిక ఉంటుంది, అది ముందు పెట్టుకుని మొదలుపెట్టండి. ఇద్దరు విడివిడిగా పేపర్లను వడపోసి, తరువాత పోల్చుకోవాలి.

నిద్రలేని_విద్యార్థి

ఇద్దరెక్కడి నుంచి వస్తారండీ, నేనొక్కదాన్నే. సాఫ్ట్‌వేర్ గురించీ నేను అడగలేదు. విషయం ఫోను వాడకం, నిద్ర. ఇప్పుడైనా ఎవరైనా మొదటి అడుగు చెబుతారా?

పాత_సంచికలు

విషయం చెప్పారు కాబట్టి ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. ఇదే ప్రశ్నతో వచ్చే విద్యార్థులు నాకు కొత్త కాదు.

"ఫోను, నిద్ర" అన్నది ఇంకా ప్రశ్న కాలేదు. ఆ రెండు మాటలతో వెతికితే లక్షలు రాక ఏమవుతుంది? ఎవరి నిద్ర? బడిపిల్లలదా, కళాశాల విద్యార్థులదా, రాత్రి డ్యూటీ చేసేవారిదా? నిద్రలో మీకు కావలసింది ఎన్ని గంటలు పడుకున్నారన్నదా, ఎంతసేపటికి నిద్ర పట్టిందన్నదా, పగలు మగతగా ఉంటోందా అన్నదా? ఫోను పక్కన ఉంటే లెక్కలోకి వస్తుందా, వాడితేనే వస్తుందా? వీటికి జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి. వెతకడం ఆ తరువాత.

ఇక విడి అధ్యయనాలతో మొదలుపెట్టకండి. మీకంటే ముందే ఎవరో సమీక్ష చేసి ఉంటారు, దాన్ని పట్టుకోండి. మీ విషయంలో అలాంటివి ఉన్నాయి. 2015లో లారెన్ హేల్, స్టాన్‌ఫర్డ్ గ్వాన్ బడి వయసు పిల్లలు, కౌమారుల మీద వచ్చిన 67 అధ్యయనాలను సమీక్షించారు. వాటిలో 90 శాతం తెర ముందు గడిపే సమయానికీ నిద్ర దెబ్బతినడానికీ సంబంధం ఉందని చూపాయి. మరుసటి ఏడాది బెన్ కార్టర్ బృందం 20 అధ్యయనాలనే తీసుకుంది. వాటిలో మొత్తం 1,25,198 మంది పిల్లలున్నారు. ఏడాది తేడాతో వచ్చిన సమీక్షలు, ఒకదానిలో 67, ఇంకొకదానిలో 20! ఒక కారణం, మొదటివారు టీవీ, కంప్యూటర్‌లను కూడా కలుపుకున్నారు. రెండోవారు చేత పట్టుకుని తిరిగే పరికరాల దగ్గర గీత గీశారు. మీరు గీయబోయే గీత ఎక్కడ అన్నది ఇలాంటివి చూశాకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. కార్టర్ బృందం పేపర్ శీర్షికలో "మొబైల్ ఫోన్" అన్న మాట ఉండదు, "పోర్టబుల్ స్క్రీన్ బేస్డ్ మీడియా డివైస్" అని ఉంటుంది. మీరు ఒక్క మాటనే పట్టుకుని వెతికితే అది దొరకకపోవచ్చు. ఒకే వస్తువుకు పరిశోధకులు వాడే పేర్లన్నీ రాసుకుంటూ పోవాలి, స్మార్ట్‌ఫోన్, స్క్రీన్ టైమ్, ఎలక్ట్రానిక్ మీడియా, ఇలా. స్కాలర్‌లో వాటి మధ్య ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో "ఓ ఆర్" పెట్టండి, వాటిలో ఏది ఉన్నా వస్తుంది. రెండు మూడు మాటలు విడిపోకుండా ఉండాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టండి.

సమీక్ష ఒకటి దొరికాక వెనక్కీ ముందుకూ నడవాలి. వెనక్కి అంటే దాని చివర ఉన్న ఆధారాల పట్టిక. ముందుకు అంటే దాన్ని తరువాత ఎవరెవరు ఉటంకించారన్నది, స్కాలర్‌లో ఫలితాల కింద ఉండే "సైటెడ్ బై" లంకె. ఈ రెండో దారి ఇంత సులువుగా ఎప్పుడూ లేదు. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ఈ ఆలోచన ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను లావుపాటి అచ్చు సంపుటాలుగా తెచ్చాడు. మా తరం వాటిని భూతద్దం పెట్టుకుని చదివింది. మీరు ఒక్క నొక్కుతో చూస్తున్నారు, ఆ లంకె ఉందని చాలామందికి తెలియనే తెలియదు!

మితభాషి

డిగ్రీనా, పీజీనా? ఎన్ని పేజీలు? గడువు?

చురుకు_మెదడు

ఇంత శ్రమ ఎందుకండీ. చాట్‌బాట్‌కు విషయం చెప్పి "20 ఆధారాలతో రివ్యూ రాయి" అంటే నిమిషంలో ఇస్తుంది. భాష మనం మార్చుకుంటే సరి.

పాత_సంచికలు

ఇస్తుంది. వాటిలో కొన్ని లోకంలో లేని పేపర్లు అయి ఉంటాయి. రచయిత పేరు నిజం, పత్రిక నిజం, పేపర్ మాత్రం కల్పితం. అలాంటి జాబితా పట్టుకుని "ఇవి తెప్పించండి" అని మా దగ్గరికి వచ్చేవారున్నారు. కీలక పదాలు సూచించమని అడగండి, తప్పు లేదు. ఆధారం ఇస్తే మాత్రం శీర్షికను కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతికి, డీవోఐ (ప్రతి పేపర్‌కూ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) తెరిచి, ఆ పేపర్‌ను కళ్లతో చూడనిదే ఒక్కటి కూడా రాయకండి.

పద్ధతి_ముఖ్యం

పాత_సంచికలు గారూ, మీరు చెప్పినది సమాచారం వెతికే మార్గం. క్రమబద్ధ సమీక్ష కాదు. నచ్చిన పేపర్ నుంచి నచ్చిన పేపర్‌కు గెంతుతూ పోతే ఒకే గుంపు వాళ్ల మాటలే కనబడతాయి, వాళ్లంతా ఒకరినొకరు ఉటంకించుకుంటారు కాబట్టి.

పాత_సంచికలు

మీ ఆక్షేపణలో నిజం ఉంది, అందుకే స్కాలర్‌లో కీలక పదాలతోనూ వెతకమన్నాను. కానీ ఆ అమ్మాయి అడిగింది క్రమబద్ధ సమీక్ష కాదు. గ్రాంట్, బూత్ 2009లో లెక్కపెడితే సమీక్షల్లో 14 రకాలు తేలాయి. ఒక విద్యార్థి ప్రాజెక్టు రిపోర్టులో రెండో అధ్యాయానికి ప్రిస్మా 27 అంశాలు ఎవరూ అడగరు.

పద్ధతి_ముఖ్యం

14 రకాలున్నాయి కాబట్టి ఏదైనా చెల్లుతుందనా? ఎలా ఎంచారో చెప్పని సమీక్షను నేను సమీక్ష అనను, అభిప్రాయ వ్యాసం అంటాను.

ఉటంకింపుల_పెట్టె

జొటేరోలో ప్రతి పేపర్‌కూ ట్యాగులు పెట్టుకోవచ్చు, "తీసుకున్నది", "వదిలేసినది" అని. మీ ఇద్దరి గొడవా తీరిపోతుంది.

నిద్రలేని_విద్యార్థి

పీజీ మొదటి సంవత్సరం, మనస్తత్వశాస్త్రం. ఎనిమిది పేజీలు. నెలాఖరుకు ఇవ్వాలి. మేము సర్వే చేయబోయేది డిగ్రీ విద్యార్థులను, పిల్లలను కాదు. ప్రశ్నావళి కూడా గైడ్ ఇచ్చేశారు, పిట్స్‌బర్గ్ స్లీప్ క్వాలిటీ ఇండెక్స్. సమీక్షలు దొరికాయి, ధన్యవాదాలు. కానీ ఆ పట్టికలు? అవి అర్థం కాకుండా ఎలా రాయాలి?

మితభాషి

డిగ్రీ విద్యార్థులని మొదటే చెప్పాల్సింది.

పాత_సంచికలు

అవును, కథ మారింది, మేలే జరిగింది. ఆ రెండు సమీక్షలూ పిల్లల మీదివి కాబట్టి వాటి ముగింపులను మీ విద్యార్థులకు నేరుగా అంటించలేరు. ఎందుకు అంటించలేరో రాస్తే అదే ఒక పేరా. ప్రశ్నావళి కూడా తేలిపోయింది కాబట్టి వెతుకులాట ఇంకా తేలిక. పిట్స్‌బర్గ్ సూచిక 1989లో వచ్చింది. 19 ప్రశ్నలు, 7 విభాగాలు, మొత్తం స్కోరు 0 నుంచి 21, 5 దాటితే నిద్ర సరిగా లేదని లెక్క. ఆ సూచిక పేరునే కీలక పదంగా కలిపి వెతకండి. మీలాగే కొలిచినవారు వరుసగా బయటపడతారు, మీ ఫలితాలను రేపు పోల్చుకోవాల్సిందీ వాళ్లతోనే.

పట్టికల సంగతి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలని ఎవరన్నారు? కేశవ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2007లో మూడు విడతల పద్ధతి రాశారు, ఏ శాస్త్రానికైనా పనికొస్తుంది. మొదటి విడతలో శీర్షిక, సంగ్రహం, ఉపోద్ఘాతం, ఉపశీర్షికలు, ముగింపు మాత్రమే, అయిదు నుంచి పది నిమిషాలు. ఫోల్డర్‌లో ఉన్నవాటిలో చాలావరకు ఆ విడతలోనే పక్కకు పోతాయి. నిలిచినవాటికి రెండో విడత, గంట దాకా. మూడో విడత, అంటే ప్రతి అంకెనూ తరచి చూడడం, మీ రిపోర్టుకు ప్రాణమైన నాలుగైదు పేపర్లకు చాలు. అప్పుడు కూడా పట్టిక అర్థం కాకపోతే దాని కింది చర్చ భాగం చదివి తిరిగి పట్టికకు రండి. రచయిత ఏ అంకెను చూపించి మాట్లాడుతున్నాడో కనబడుతుంది.

"ఫలానా వారు అన్నారు" వరుస రాకుండా ఉండాలంటే మీ సొంత పట్టిక ఒకటి కావాలి. అడ్డంగా పేపర్లు, నిలువుగా ఎంతమంది, వయసు, ఫోను వాడకాన్ని ఎలా కొలిచారు, నిద్రను ఎలా కొలిచారు, ఏమి తేలింది, ఎక్కడ లోటు. రాసేటప్పుడు పేపర్ వెంట పేపర్ కాకుండా నిలువు గడి వెంట నడవండి. ఉదాహరణకు "నిద్రను ఎలా కొలిచారు" అన్న గడి చూడండి. సర్వేల్లో వేలమంది ఉంటారు, కానీ అంతా వాళ్లు చెప్పుకున్న మాట. మరోపక్క 2015లో ఆన్-మేరీ ఛాంగ్ బృందం ప్రయోగశాలలో 12 మందినే తీసుకుంది. పడుకునే ముందు నాలుగు గంటల చొప్పున వరుసగా అయిదు రాత్రులు వెలుగు చిమ్మే ఈ-రీడర్‌లో, మరో అయిదు రాత్రులు కాగితపు పుస్తకంలో చదివించింది. తెర మీద చదివిన రాత్రుల్లో నిద్ర పట్టడానికి దాదాపు 10 నిమిషాలు ఎక్కువ పట్టింది, నిద్రకు సిద్ధం చేసే హార్మోను మెలటోనిన్ తగ్గింది. కొలత పక్కా, మనుషులు తక్కువ, పైగా అది ఫోను కాదు. రోజూ నాలుగు గంటలు చదివే విద్యార్థి ఎవరు? సర్వేలనూ దీన్నీ ఒకే పేరాలో ఎదురెదురుగా పెట్టి, ఏది దేనికి జవాబు చెప్పలేదో రాయండి.

ఎన్ని చదవాలన్నదానికి అంకె లేదు. కొత్తగా తెరిచిన పేపర్ల చివర మీరు చూసేసిన పేర్లే మళ్లీ మళ్లీ వస్తుంటే ఆపవచ్చు. గైడ్ ఒక సంఖ్య చెప్పి ఉంటే అది వేరే సంగతి.

మితభాషి

డబ్బు అడిగే పేపర్లకు స్కాలర్‌లో "ఆల్ వర్షన్స్" చూడండి. లేకపోతే ఉచిత ప్రతులు వెతికిపెట్టే అన్‌పేవాల్. అదీ లేకపోతే రచయితకు ఈమెయిల్.

పద్ధతి_ముఖ్యం

అన్నీ బాగానే ఉన్నాయి, కానీ ఏ తేదీన ఏ పదాలతో వెతికారో ఒక ఫైలులో రాసుకోమని నేను తప్ప ఎవరూ చెప్పలేదు. వైవాలో ఆ ప్రశ్న అడిగితే ఏమి చెబుతారు?

ఉటంకింపుల_పెట్టె

జొటేరోలో నోట్స్ కూడా రాసుకోవచ్చు.

నిద్రలేని_విద్యార్థి

ధన్యవాదాలు అందరికీ. పట్టిక గీయడం మొదలుపెట్టాను. గైడ్ ఇప్పుడే మెసేజ్ పెట్టారు, గత అయిదేళ్ల పేపర్లే ఉండాలట. అంటే 2015వి పెట్టకూడదా?

మితభాషి

వాటి కింద "సైటెడ్ బై" నొక్కి, సంవత్సరం వడపోత పెట్టండి.

పద్ధతి_ముఖ్యం

అయిదేళ్ల నియమం ఏ ప్రాతిపదికన పెట్టారో ముందు గైడ్‌ను అడగండి. 1989 నాటి ప్రశ్నావళి వాడమన్నవారే 2015 పేపర్ పాతదంటే ఎలా?