సినిమా సాయంత్రం పనులు: క్వాయ్ వంతెన, ఒక నాపరాయి

అందరికీ నమస్కారం. ప్రొద్దుటూరు నుంచి రాస్తున్నా. సెలవు ఇంకా తొమ్మిది రోజులుంది, నేను సింగపూర్‌కు వచ్చేలోపల మన సినిమా సాయంత్రం పనులు ఒక కొలిక్కి రావాల.

ఏ సినిమా వేయాలో తేలిపోయింది గదా, 1957లో వచ్చిన 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్'. పాత యుద్ధం సినిమాకు మన పిల్లోళ్ళు కూర్చుంటారా అని పులివెందుల అన్న అడిగినాడు. కూర్చుంటారన్నా. అందులో తుపాకులు తక్కువ, పంతం ఎక్కువ. మొన్న రాత్రి మా నాయనకు లాప్‌టాప్‌లో పెట్టి చూపించినా. ఇంగ్లీషు సగం అర్థం కాకపోయినా, రెండో ప్రపంచయుద్ధంలో జపాన్‌వాళ్ళకు ఖైదీగా చిక్కిన బ్రిటిష్ కర్నల్ నికల్సన్‌ను రేకుల గూట్లో పెట్టి ఎండకు మాడ్చేటప్పుడు మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆఫీసర్లు కూలిపని చెయ్యకూడదని, యుద్ధఖైదీలను ఎట్లా చూడాలో చెప్పే జెనీవా ఒప్పందం పుస్తకం ఆయన చూపిస్తే, జపాన్ కర్నల్ సైటో అదే పుస్తకంతో ఆయన మొహం మీద కొడతాడు. ఇద్దరూ తగ్గరు. కడాకు, 1905లో రష్యా మీద గెలిచిన రోజని సాకు పెట్టుకోని సైటోనే దిగొస్తాడు. ఆపైన గదిలో ఒక్కడే కూర్చోని ఏడుస్తాడు. "పాపం, వాడూ మనిషే గదరా" అన్నాడు నాయన.

ఆ తరువాత నికల్సన్ పంతం వంతెన మీదికి మళ్ళుతుంది. శత్రువు రైలు పోయేదానికి, శత్రువు కట్టుకోగలిగిన దానికన్నా గట్టి వంతెన కట్టిస్తాడు. జబ్బుతో పడుకున్నోళ్ళను గూడా పనికి లేపుతాడు. ఇది శత్రువుకు సాయం చేసినట్టు కాదా అని డాక్టర్ క్లిప్టన్ అడిగితే ఆయనకు ఎక్కదు. ఇంగ షియర్స్ అనే అమెరికావాడు ఉంటాడు, బతికితే చాలనుకునే రకం. తప్పించుకోని బయటపడినోణ్ణి మళ్ళా అదే అడవికి తోలుతారు. ఈ నలుగురిలో ఎవురిది సరి అని సినిమా అయినాక పిల్లలతో అరగంట మాట్లాడించాల. మైదుకూరు వదినా, ఆ భాగం నువ్వు తీసుకో. ముగింపు మాత్రం ఎవురూ ముందే చెప్పొద్దండి.

ఇప్పుడు నా మనసులో ఉండేది చెప్తా. సినిమాలో నికల్సన్ దళం లొంగిపోయింది మనముండే సింగపూర్‌లోనే. ఊరు పడింది 1942 ఫిబ్రవరి 15న. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి బర్మాకు వేసిన అసలు రైలుదారి 415 కిలోమీటర్లు, 1943 అక్టోబరులో ముగిసింది. ఆ పనిలో 12 వేలకు పైగా యుద్ధఖైదీలు చనిపోయినారు. ఆసియా కూలీలైతే 90 వేల దాకా అని అంచనా. మలయా తోటల నుంచి తమిళులను వేలమందిని పట్టుకుపోయినారు, వాళ్ళతోబాటు తెలుగోళ్ళనూ తోలుకుపోయినారు. కలరాతో, ఆకలితో ఆ అడవిలోనే పోయినారు. 161 నిమిషాల సినిమాలో వాళ్ళ కథ లేదు. థాయ్‌లాండ్‌లో ఆ రైలుదారి మీదుండే కాంచనబురి ఊర్లో సైనికుల సమాధులు దాదాపు 7 వేలు వరసగా ఉన్నాయి, చానావాటి మీద పేర్లతో. కూలీలకు అట్లాంటి వరసలు లేవు.

కాబట్టి సినిమా మొదలయ్యే ముందు పది నిమిషాలు నాకియ్యండి. నికల్సన్ కల్పించిన పాత్ర అనీ, నిజంగా ఆడ ఖైదీలకు పెద్దగా ఉన్న ఫిలిప్ టూసీ జపాన్ వాళ్ళ పని వెనక్కి లాగిన మనిషి అనీ కూడా చెప్పాల. చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినోళ్ళమవుతాం.

సినిమాలో నికల్సన్ తన దళం పేరు చెక్కించి వంతెనకు ఒక పలక కొట్టిస్తాడు. ఆ పలక చూసినప్పుడే నాకు మన నాపరాయి గుర్తొచ్చింది. నిన్న ఎర్రగుంట్ల పక్క బండలు కోసే చోటికి పోయి, అడుగు పొడుగు, ముక్కాలడుగు వెడల్పు నల్లరాయి ఒకటి తెచ్చినా. ఒకపక్క పాలిష్ పట్టించినా. నీళ్ళు చల్లి చేత్తో తుడిస్తే మొహం కనపడుతుంది. ఇంగోపక్క రంపం గీతలు అట్లే ఉండాయి, వాటిని తీయొద్దన్నా. "పేరు దక్కని కూలీలకు" అని తెలుగులో చెక్కిద్దామని. దీపం పక్కన పెడదాం.

మిగతా పనులు: పబ్లిక్‌గా వేసేదానికి లైసెన్సు పులివెందుల అన్న చూస్తున్నాడు, సొంత డిస్క్ ఉంటే చాలదు. పోయినేడు సౌండు సరిగా రాక వెనక వరస పెద్దోళ్ళు మధ్యలోనే లేచిపోయినారు, ఈసారి ముందురోజే హాలుకు పోయి వెనక కుర్చీలో కూర్చోని వినాల. ఇంటర్వెల్‌కు ఉగ్గాని, బజ్జీ.

జమ్మలమడుగు తమ్ముడు: అన్నా, రాయి బరువెంత? లగేజీలో పడుతుందా? హాలు సౌండు నేను చూసుకుంటా.

అంగుళం మందమే తమ్ముడూ, ఐదు కిలోల లోపు. తువ్వాళ్ళలో చుట్టి పెట్టెలో మధ్యన పెడతా. బొరుగులు ఈడనుంచి తేను, ఆడే కొను. పప్పుల పొడి మాత్రం అమ్మ కొట్టిస్తోంది.

మైదుకూరు వదిన: పిల్లలను నేను మాట్లాడిస్తా. రాయి మీద తమిళంలో గూడా రాయించప్పా. మలయా తోటల నుంచి పోయినోళ్ళలో వాళ్ళే ఎక్కువ గదా.

నిజమే వదినా, నాకు తట్టనేలేదు. తమిళం పైన, తెలుగు కింద పెట్టిస్తా. మీ పక్కింటి తమిళ ఆంటీతో ఆ మాట తప్పుల్లేకుండా పెద్ద అక్షరాలతో రాయించి ఫోటో పంపు. చెక్కే ఆయనకు తమిళం రాదు, అచ్చు తీసిచ్చిన కాగితం రాయి మీద పరిచి గీసుకుంటాడంట. ఎల్లుండి పొద్దున ఉలి పెడతాడు. రేపు రాత్రికల్లా నాకు అందాల.