ప్రీకాస్ట్ జాయింట్లు: కాంక్రీట్ పోసి కలపాలా, కేబుల్ లాగి బిగించాలా?

ప్రశ్న
భూకంపాల ప్రాంతంలో ప్రీకాస్ట్ ఫ్రేమ్ (ముందే పోసి తెచ్చిన కాంక్రీట్ ముక్కలతో చట్రం) కడితే బీమ్, కాలమ్ కలిసే చోట ఏ పద్ధతి మంచిది? ఊచలు కలిపి, కాంక్రీట్ పోసి అంతా ఒకే ముద్ద చేయాలా? లేక ముక్కల్ని విడిగానే ఉంచి, లోపల కేబుల్ లాగి బిగించాలా?

జవాబు 1
కాంక్రీట్ పోసి కలిపే పోత పద్ధతే నయం. ఇంజినీర్లకు అలవాటైన లెక్కలన్నీ దానివే. 1988 భూకంపంలో ఆర్మేనియాలోని లెనినాకన్‌లో (ఇప్పటి గ్యూమ్రీ) 9 అంతస్తుల ప్రీకాస్ట్ ఫ్రేమ్ భవనాలు ఎన్నో కుప్పకూలాయి. 2012 భూకంపాల్లో ఇటలీ ఎమీలియాలో ఫ్యాక్టరీ షెడ్ల బీమ్‌లు కాలమ్‌ల మీంచి జారిపడ్డాయి. ముక్కలు ముక్కలుగానే ఉంటే జరిగేది అదే.

జవాబు 2
ఒప్పుకోను. లెనినాకన్‌లోనూ సైట్‌లో ఊచలు వెల్డ్ చేసే కలిపారు, ఆ పని నాణ్యతే దెబ్బతీసింది. అదే ఊళ్లో పెద్ద ప్యానెల్ గోడల ఇళ్లు నిలబడ్డాయి కదా, అవీ ప్రీకాస్టే. ఎమీలియాలో అసలు జాయింటే లేదు. బీమ్‌ను ఊరికే కూర్చోబెట్టి, రాపిడి మీద వదిలేశారు.

కేబుల్ పద్ధతి వేరు. కేబుల్‌కు చుట్టూ గ్రౌట్ (సందుల్లో నింపే జారుడు సిమెంట్) పట్టదు కాబట్టి సాగుదల దాని పొడవంతా పంచుకుంటుంది, ఒకేచోట తెగదు. ఊగినప్పుడు బీమ్ చివర సందు తెరుచుకుంటుంది, కేబుల్ మళ్లీ లాగి మూసేస్తుంది. పైనా కిందా పెట్టిన మామూలు ఊచలు సాగి శక్తిని మింగుతాయి. అవి లేకపోతే ఊగడం తొందరగా ఆగదు. 1999లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ల్యాబ్‌లో 60 శాతం సైజులో 5 అంతస్తుల నమూనా కట్టి ఇదే పరీక్షించారు. నష్టం చాలా తక్కువ.

పోత జాయింట్‌లో నాకు ఎప్పుడూ దిగులు పెట్టేది స్లీవ్, అంటే రెండు ఊచల కొసల్ని కలిపే గొట్టం. లోపల గ్రౌట్ నిండిందో లేదో బయటి నుంచి కనబడదు.

జవాబు 3
సందు తెరుచుకుంటే కాలమ్‌లు దూరం జరగవా? స్లాబ్ ఏ ఆధారం మీద నిలుస్తుంది? 2016లో న్యూజిలాండ్‌లో కైకోరా భూకంపం వచ్చినప్పుడు వెల్లింగ్టన్‌లోని స్టాటిస్టిక్స్ హౌస్‌లో ప్రీకాస్ట్ ఫ్లోర్ ముక్కలు అలాగే పడ్డాయి.

జవాబు 2 రాసినవారు
మంచి ప్రశ్న, ఆ భయం నాకూ ఉంది. అక్కడ బీమ్ చివర్లు పగిలి, ఊచలు సాగి, బీమ్‌లే పొడుగయ్యాయి. ఫ్లోర్ కూర్చున్న అంచు చాలలేదు. పోత జాయింట్‌లో ఆ పొడుగు అలాగే మిగిలిపోతుంది, కేబుల్ జాయింట్‌లో దాదాపుగా వెనక్కి వస్తుంది. కానీ సందు తెరుచుకున్న ఆ క్షణంలో స్లాబ్ జారితే కేబుల్ కాపాడలేదు. అందుకే ఫ్లోర్ సీటు వెడల్పుకు లెక్క చూపించని డ్రాయింగ్ ఏ పద్ధతిదైనా సరే, నేను వెనక్కి పంపిస్తాను.